లంకలో బదిలీ డ్యూటీ

ఇప్పుడు చూద్దామన్నా ఆ క్వార్టర్ల లైను లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ వచ్చి క్వార్టర్లనూ, వాటి వెనకున్న మేకల కొట్టాలనూ కలుపుకొని పోయింది. కానీ గోదావరిఖనిలో ఆ లైనులోనే పుట్టి పెరిగిన యమునకు కళ్ళు మూసుకుంటే చాలు, ఇంటింటి ముందూ రాజేసిన బొగ్గుల పొయ్యిల పొగ ముక్కుకు తగులుతుంది. మధ్యాహ్నం బ్లాస్టింగుకు గూట్లో గిన్నెలు గలగలమంటాయి. షిఫ్టు దిగిన తండ్రి రఘుపతి ఒళ్ళంతా నల్లగా, పళ్ళు మాత్రం తెల్లగా నవ్వుకుంటూ వస్తాడు. లంకకు పోయొచ్చిన ఆ ఎండాకాలం ముచ్చట కూడా ఆ పొగతో పాటే వస్తుంది.

అప్పటికి ఇంటర్ అయిపోయింది, ఎంసెట్ రాసింది. పశువుల డాక్టరు చదువుకు ర్యాంకు సరిపోయేలా ఉంది గానీ కౌన్సెలింగుకు ఇంకా టైముంది. యమునకు చిన్నప్పటి నుంచీ అదొక్కటే పిచ్చి. మేకపిల్ల కుంటితే చాలు, చున్నీ చింపి కట్టు కట్టేది. తల్లి సారక్కతో తిట్లు తినేది. ఆమెతో పాటు చదివిన విద్యకూ అదే పిచ్చి. విద్య జ్యోతినగర్‌లో ఉండే ఇంజనీరు యజ్ఞనారాయణ గారి అమ్మాయి, గుంటూరు వైపు వాళ్ళు.

"శ్రీలంకలో ఏనుగుల ఆసుపత్రి ఉందే. పశువైద్యం చదవబోయే పిల్లలకి ట్రైనింగిస్తారట. నేను వెళ్తున్నాను, నువ్వూ రావే," అంది విద్య. రఘుపతి కిందా మీదా పడి ఖర్చు కూడగట్టి ఒప్పుకున్నాడు.

లైనంతా గోల. పక్క క్వార్టరు మొగిలి ఊరుకుంటాడా?

"ఏందే బిడ్డా, లంకకు పోతున్నవట. హనుమంతుడు పాస్‌పోర్టు లేకుంటనే పోయిండు, నీకెందుకే గివన్ని?"

"ఆయనకు తోక ఉండె కాకా, నాకు లేదు గద."

"మంచిగనే అయింది. ఉంటే నిప్పువెడుదురు."

బస్సెక్కే ముందు రఘుపతి కూతుర్ని పక్కకు పిలిచాడు. ఆయన ఏళ్ళ తరబడి బదిలీ కార్మికుడు. బదిలీ అంటే పర్మినెంటు కాని మనిషి. ప్రతి షిఫ్టుకూ టిఫిన్ డబ్బా పట్టుకొని బాయి మీదికి, అంటే గని దగ్గరికి, పోవాలి. ఎవరైనా డ్యూటీకి రాకపోతే పేరు పిలుస్తారు, అప్పుడు దిగాలి. పిలవకపోతే డబ్బా పట్టుకొని వెనక్కి. ముందుకు తోసుకొచ్చినవాణ్ణి మరునాడు అసలే పిలిచేవారు కాదు. ఆయనకు తెలిసిన లోకం అది.

"బిడ్డా, పెద్ద పెద్ద డాక్టర్లుంటరు. మీద మీద పడద్దు. ముఖం కనపడేటట్టు నిలవడాలె, నోరు తెరవద్దు. వాళ్ళే పిలుస్తరు."

యమున ఆ మాట కొంగున ముడేసుకుంది.

లంకలో రోజూ తెల్లవారకముందే తయారై చికిత్స గది గుమ్మం పక్కన నిలబడేది. లోపల ఏనుగు కాలి పుండు కడిగేవారు, సీసా పైకెత్తి సెలైను ఎక్కించేవారు. డాక్టరు ఆమె వైపు చూసి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి, ఇంకాస్త సరిగా నిలబడేది. ఎవరూ పేరు పిలవలేదు. కాసేపటికి వంటశాల మనిషి వచ్చి, ఊరికే ఉన్నావు కదమ్మా అన్నట్టు కత్తి చేతికిచ్చేవాడు. అరటి బోదెలు నరకడం, బకెట్లు నింపడం, టూరిస్టులకు ఫొటోలు తీయడం. విద్య మాత్రం లోపలే ఉండేది. పెద్దింటి పిల్ల కాబట్టి పిలిచారనుకుంది యమున. మొదటి రోజే విద్యతో మాట్లాడ్డం మానేసింది, తిరుగు ప్రయాణంలో కూడా ఒక్క మాట లేదు.

ఇంటికొస్తే లైనంతా చుట్టుముట్టింది.

"ఏనుగుకు సూది ఎక్కడిస్తరే?" అని అడిగింది లైనులోని ఒక ముసలవ్వ.

"ఏనుగుకే ఇస్తరు అవ్వా," అని అందరినీ నవ్వించి లోపలికి పోయి, తలుపు చాటున ఏడ్చింది. అన్నాల దగ్గర చెప్పేసింది: "బాపు, నేను కౌన్సెలింగుకు పోను. డిగ్రీల చేరుత. గా చదువు మనసోంటోళ్ళకు గాదు."

రఘుపతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మూడోనాడు విద్య స్కూటీ మీద వచ్చింది. వాకిట్లోనే గొడవ.

"ఎందుకే మాట్లాడవు? నేనేం చేశాను?"

"నిన్ను పిలిచిండ్రు, పోయినవ్. నన్నెవలు పిలిచిండ్రు?"

"నన్ను మాత్రం ఎవరు పిలిచారే! తలుపు తీసుంది, వెళ్ళాను. రానివ్వండి అన్నాను, రమ్మన్నారు. నీ గురించి డాక్టరు గారు అడిగారు కూడా, ఆ అమ్మాయికి ఏనుగులంటే భయమా, గుమ్మం దాటదు అని. నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను, వెళ్ళిన రోజే నాతో మాట్లాడ్డం మానేశావుగా!"

యమున తండ్రి వైపు చూసింది. గడప మీద కూర్చున్న రఘుపతి తల దించుకున్నాడు. "నేను జెప్పిందే జేసింది బిడ్డా," అన్నాడు విద్యతో. "అక్కడ గూడ బాయే అనుకున్న."

సారక్క ఊరుకోలేదు. "నీ బదిలీ పాడుగాను! పిల్లను లంక దాక తోలి గుమ్మం కాడ నిలవెట్టినవు గదయ్యా!" అంది. ముందు నవ్వింది విద్యే. తర్వాత యమున నవ్వింది. రఘుపతికి మాత్రం నవ్వు రాలేదు.

మరునాడు యమున ఒక్కతే గోదావరిఖనిలోని పశువుల దవాఖానకు పోయింది. లోపల ఒక గొర్రెను బల్ల మీద పడుకోబెట్టారు. కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగాయి. అయినా నోరు తెరిచింది.

"సార్, నేను లోపటికి రావచ్చా? గీ చదువే చదువుదామనుకుంటున్న."

"వస్తే ఉత్తగ నిలవడకు, దాని కాళ్ళు పట్టు," అన్నాడు డాక్టరు తల ఎత్తకుండానే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె బట్టల నిండా చీమూ పేడా. అప్పుడే రఘుపతి షిఫ్టు దిగి వచ్చాడు. వాకిట్లో ఉన్నది ఒక్కటే నీళ్ళ నల్లా. సారక్క ముక్కు మూసుకొని, "ఇద్దరు గక్కడ్నే ఆగుండ్రి, ఇంట్లకు రాకుండ్రి!" అని అరిచింది.

"ఎట్లుండె బిడ్డా?" అన్నాడు రఘుపతి.

"గొర్రె తన్నింది బాపు. గిదుగో, మోకాలు మీద."

"కౌన్సెలింగు ఎప్పుడు? ఆ దినం బాయి మీదికి పోను, తోడు వస్త."

"వద్దు బాపు. విద్య, నేను పోతం. నేనే మాట్లాడుకుంట."

రఘుపతి తన చేతుల మసి కడుక్కోకుండానే చెంబు నింపి, కూతురి మోచేతుల మీద నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు.