పిచ్చమ్మ మంచం

పొద్దున్నే ఆటో హారన్ మోగితే పిచ్చమ్మకి మెలకువ వచ్చేది. ఇప్పుడూ వస్తోంది. తేడా ఏమిటంటే, అప్పట్లో ఆ హారన్ తన కోసం మోగేది. ఇప్పుడు ఆ ఆటో వీధిలో మిగతా ఆడవాళ్ళని ఎక్కించుకుని కోల్డ్ స్టోరేజి పక్కనున్న మిర్చి కల్లానికి పోతోంది. ఆ చప్పుడు హైవే మీద లారీల మోతలో కలిసిపోయేదాకా విని, గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అప్పుడు కొడుకు కోటేష్ వస్తాడు. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు సూపర్‌వైజరు. డ్యూటీకి పోయే ముందు వంగి మంచం కోడు చూస్తాడు. నిన్న చాక్‌పీసుతో గీసిన గీత నేలలోకి పోయి ఉంటుంది. దానిపైన ఇంకోటి గీస్తాడు.

"మళ్ళీ దిగింది," అంటాడు.

"దిగదా మరి," అంటుంది కోడలు నాగజ్యోతి వంటింట్లోంచి. "మీ అమ్మ నిన్న ఎవరితో మాట్లాడిందని?"

ఆ ఊళ్ళో ముసలివాళ్ళ మంచాలు దిగడం అందరూ ఎరిగిందే. మాట లేని రోజు మంచం కాస్త నేలలోకి పోతుంది. కింద రాయి పెట్టినా అంతే, బండ పరిచినా అంతే. ఇమ్మానియేలు తాతకి కొడుకులు మార్బుల్ వేయించారు. మార్బుల్‌తో సహా దిగిపోయాడు. మాటంటే ఒకరు అడగాలి, రెండోవారు బదులు చెప్పాలి. "మాత్ర వేసుకో" అన్నది లెక్కలోకి రాదు. టీవీ వాగుడు రాదు, ఫోన్‌లో మాటా రాదు. ఊ కొట్టినా చాలదు. తిట్టుకున్నా ఫరవాలేదు గానీ, తిట్టుకి తిట్టు తిరిగి రావాలి.

ఆర్‌ఎంపీ డాక్టరుకీ ఇది తెలుసు. బీపీ చూడ్డానికి ఇదివరకు స్టూలు మీద కూర్చునేవాడు, ఇప్పుడు గొంతుక్కూర్చుంటున్నాడు. "మాత్రలు రక్తానికి పని చేస్తయ్యి గానీ మంచం కోళ్ళకి చెయ్యవు కోటేషూ. కాస్త నడిపించు, నలుగురిలో కూర్చోబెట్టు," అని చెప్పి పోతాడు.

కోటేష్ కూర్చోబెట్టబోయాడు. పిచ్చమ్మ కూర్చుంటేగా.

మిరపకాయకి తొడిమ తీయడం ఎవరికైనా వచ్చే పనే అనుకుంటారు. రాదు. తొడిమ ఒక్కటే ఊడాలి, కాయ నోరు తెరవకూడదు. నోరు తెరిస్తే గింజ రాలిపోతుంది, గింజ రాలిన సరుక్కి ధర రాదు. పిచ్చమ్మ చేతిలో గింజ రాలిన కాయని ఎవరూ చూళ్ళేదు. కల్లంలో కుప్పకి ఇద్దరు చొప్పున ఎదురుబొదురు కూర్చుంటారు. ఆ ఇద్దరినీ జత అంటారు. పిచ్చమ్మకి జత హెలెన్. కూతుళ్ళ పురుళ్ళూ మొగుళ్ళ చావులూ ఇద్దరూ ఆ ఎర్ర కుప్ప మీదుగానే చెప్పుకున్నారు.

పోయిన ఎండాకాలం కళ్ళు తిరిగి పిచ్చమ్మ కాయల మీద పడింది. లేచి, మొహం కడుక్కుని, "మావాడికి చెప్పమాకే," అంది.

హెలెన్ భయపడి ఫోన్ చేసి చెప్పేసింది. ఆ సాయంత్రమే కోటేష్ కల్లం మేస్త్రిని పిలిచి, తల్లి ఇక పనికి రాదన్నాడు. ఆరోగ్యం గురించి చాలా చెప్పాడు. చివర్లో, "సూపర్‌వైజరు తల్లి కూలికి పోతుంటే నలుగురూ నవ్వుతున్నారు," అని కూడా అన్నాడు. పిచ్చమ్మకి వినపడింది ఆ చివరి ముక్కే.

కొడుకు మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది. అందుకని దాన్ని తీసి హెలెన్ మీద పెట్టుకుంది, ఊరగాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టినట్టు గట్టిగా కట్టుకుంది. పని పోయాక మోకాళ్ళు బిగిశాయి. మోకాళ్ళు బిగిశాక వీధిలోకి పోవడం ఆగింది. ఆ తర్వాత ఆకలీ నిద్రా పోయాయి. మంచం దిగడం మొదలైంది.

శీతాకాలం వచ్చాక ఒక మధ్యాహ్నం హెలెన్ వచ్చింది. చేతిలో మిరపకాయల సంచీ. మంచం ఎదురుగా నేల మీద కూర్చుని, కాయలు కుప్ప పోసి, తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

"పిచ్చమ్మక్కా, పొద్దున ఏం తిన్నావు?"

కాయ చేత్తో పట్టుకుని బదులు కోసం ఆగింది. పిచ్చమ్మ గోడవైపు తిరిగింది.

"పలక్కపోతే మానెయ్. గోడతో మాట్లాడతా. దానికి నీకంటే మర్యాద ఎక్కువ."

నాగజ్యోతి వంటింట్లో కిసుక్కున నవ్వింది. పిచ్చమ్మ నవ్వలేదు.

హెలెన్ మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. అదే ప్రశ్న అడిగేది, ఆగేది. పిచ్చమ్మ ఓరకంట చూసేది. హెలెన్ తీస్తున్న కాయలన్నీ నోళ్ళు తెరుచుకుంటున్నాయి. గింజలు పసుపుపచ్చగా గచ్చంతా రాలుతున్నాయి. ఇదేం పనే, చేతులా చీపురుకట్టలా అని అనడానికి పిచ్చమ్మ నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించి ఊరుకుంది.

"చూపు ఆనట్లేదక్కా," అంది హెలెన్ ఒకరోజు, కుప్పలో తడుముకుంటూ. "మేస్త్రి నన్నూ రావద్దన్నాడు. ఈ సంచీ కూడా జాలిపడి ఇచ్చిందే. మా అబ్బాయి ఫిలిప్ లారీ మీద పోతే ఎప్పటికొస్తాడో తెలీదు. నా మంచం కూడా దిగడం మొదలైంది, నీదానికంటే జోరుగా."

పిచ్చమ్మ గోడవైపే చూస్తూ పడుకుంది. దిగనీ, అనుకుంది. దిగితే ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. ఆ మాట అనుకున్నాక మనసు కాస్త చల్లబడిన మాట నిజం.

ఒకరోజు హెలెన్ రాలేదు.

పిచ్చమ్మ మధ్యాహ్నమంతా గుమ్మం వైపు తిరిగే పడుకుంది. కోడలు తెచ్చిన అన్నం ముట్టలేదు. మర్నాడు ఆటో పోయిన చప్పుడు విని, మంచం పట్టె పట్టుకుని, గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళు పెళపెళలాడాయి.

"ఎక్కడికి అత్తయ్యా?"

పిచ్చమ్మ కర్ర తీసుకుని వీధిలోకి నడిచింది. చర్చి దాటి మలుపు తిరిగితే హెలెన్ ఇల్లు. ఇన్నేళ్ళ జతలో ఆ గడప దాటి లోపలికి పోవడం ఆవిడకి అదే మొదలు.

లోపల ఫిలిప్ సిమెంటు కలుపుతున్నాడు. మంచం లేదు. గది మధ్యలో మంచమంత మేర మట్టి ఇంకా పచ్చిగా ఉంది.

"నిన్న లోడు దించి వచ్చేసరికి అమ్మతో సహా పట్టెలు కూడా పోయినయ్యి పెద్దమ్మా," అన్నాడు. "పాస్టరుగారు ఇక్కడే నిలబడి ప్రార్థన చేసి వెళ్ళారు." తాపీ తిప్పుతూ, "ఫోన్ చేసినప్పుడల్లా మంచం సంగతి అడిగేవాణ్ణి. పిచ్చమ్మక్క దగ్గరికి పోతన్నాగా, ఆగిద్దిలేరా, అనేది," అన్నాడు.

పిచ్చమ్మ కర్ర మీద ఆనుకుని గదంతా కలయజూసింది.

మూలన మిరపకాయల సంచీ ఉంది, సగం తీసినవి, సగం తీయనివి. "అది ఇటియ్యరా," అంది. పచ్చిమట్టి అంచున మెల్లగా కూలబడి, కుప్ప పోసింది. హెలెన్ తీసిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"చూడు, నోరెట్లా తెరిచిందో. ఇదేం పనే హెలెనూ. గింజంతా నేలపాలు చేశావు." గొంతు వాడక వాడక తుప్పు పట్టినట్టుంది. సవరించుకుంది. "పొద్దున ఏం తిన్నావే?"

కాయ చేత్తో పట్టుకుని ఆగింది. ఫిలిప్ చేతిలో తాపీ కూడా ఆగింది. పిచ్చమ్మ మట్టివైపు చెవి వంచి కాసేపుండి, తల ఊపి, ఇంకో కాయ అందుకుంది.

"సిమెంటు వెయ్యమాకురా," అంది.

ఆ రోజు నుంచీ పొద్దున ఆటో పోగానే పిచ్చమ్మ హెలెన్ ఇంటికి బయల్దేరుతుంది. కోడు మీద గీత కదలడం లేదు. పైకీ రాలేదు. దిగిన మంచం పైకి రావడమనేది లేదు. కానీ ఉన్నచోటే ఉంది. కొత్త మాత్రలు పడ్డాయన్నాడు డాక్టరు. నడక మంచిదయిందన్నాడు కోటేష్.

నాగజ్యోతి మాత్రం ఒక పొద్దున ఆ గీతని చాలాసేపు చూసింది. బదులు రానిదే మంచం ఆగదని ఆవిడకి తెలుసు.

"అత్తయ్యా, ఆవిడ ఏమంటోంది?"

పిచ్చమ్మ కర్ర అందుకుంది. చెప్పదేమో అనుకుంది నాగజ్యోతి.

"ఇంకా కోపంగానే ఉంది," అని గడప దిగింది పిచ్చమ్మ.