వేలెడేసి పెరిగిన గడప

"కొండ నెత్తిన నీళ్లమ్మా, నీళ్ల నెత్తిన మబ్బమ్మా, మబ్బు నెత్తిన..."

మబ్బు నెత్తిన ఎవరో ఉండేవారు. చిన్నప్పుడు నోటికి వచ్చిన పాటే, ఆ ముక్క ఎక్కడో జారిపోయింది. కోడలు మిషను తొక్కుతుంటే పక్కన గుండీలు కుడుతూ నేను పాడేది ఇదొక్కటే. వినీ వినీ దాని మనసు ఆ కొండ మీది చెరువుకి పోయింది. పొద్దున్నే ఎక్కాలి, రాత్రికి గట్టునే పడుకోవాలి, మర్నాడు దిగి రావాలి. అంతే దాని కోరిక.

ప్రయాణం అనుకుని మానుకుంటే గడప వేలెడు లేస్తుంది కదా. పక్కింటి నర్సమ్మ గడప మడమ దాటలేదు, ఆవిడ అనుకుంటే ఆగే మనిషి కాదు. మా గడపలో అడుగున ఉన్న బెత్తెడు నాది. పైదంతా కోడలిది. ఒకసారి బడిపిల్లల బట్టల తొందర, ఒకసారి ఆడపడుచు రాక, ఒకసారి వాన. గడప మోకాలు దాటింది, నడుము దాటింది. వడ్రంగి తలుపు అడుగు కోసి కోసి చివరికి కిటికీ రెక్కంత చేశాడు. లోపల స్టూలు, బయట ఇటుకలు వేసుకుని ఎక్కి దిగుతున్నాం. పైన మనిషి పాకేంత సందే మిగిలింది. నా కొడుకు సన్నం కాబట్టి ఇట్టే దూరిపోతాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఇంట్లో లైటు వేసుకోవాలి. ఇంకో వేలు లేచిందంటే కోడలు పట్టదు.

అందుకే ఈసారి అన్నీ పక్కాగా చూసుకుంది. కత్తిరింపు బల్ల మీద సుద్దతో తనూ నర్సమ్మా దారి గీసుకున్నారు. పాత గొడుగుల గుడ్డతో గుడారం కుట్టింది.

"మీ ఇద్దరికి ఇంత వెడల్పెందుకే?" అన్నాను.

పళ్లతో దారం తెంపి, ఇంకో ముక్క జోడించింది.

బయల్దేరే పొద్దున నా కొడుకు దుప్పటి కప్పుకుని వచ్చాడు. "ఒళ్లు వెచ్చగా ఉందే. వచ్చే నెల వెళ్దువులే."

నుదురు ముట్టుకున్నాను. కుండలా చల్లగా ఉంది. అయినా కోడలు సంచి కింద పెట్టింది. గడప కిర్రుమంది.

"సంచి ఎత్తు," అన్నాను. "వీడి సంగతి నేను చూసుకుంటాను."

"నువ్వూరుకోమ్మా. కొండలెక్కే వయసా దానిది?"

"జ్వరం లేకుండా దుప్పటి కప్పుకునే వయసా నీది?"

కోడలు సంచిని ముందు తోసింది. అవతల నర్సమ్మ అందుకుని, "తల బయట పెట్టు వదినా, మిగతాది నేను లాగుతా," అంది. కోడలు స్టూలెక్కి, గడప మీద బోర్లా పడి, సగంలో ఆగిపోయింది.

"ఇరుక్కున్నావా?"

"లేదత్తయ్యా. చెరువు కనిపిస్తోంది."

మానుకుని మానుకుని పెంచిన ఎత్తు కదా. అక్కడి నుంచి ఊళ్లో కప్పులన్నీ దాటి, కొండ భుజం దాటి, నీళ్లు కనిపిస్తున్నాయట. నీళ్ల మీద మబ్బు వాలి ఉందట.

"ఇక్కడి నుంచే కనిపిస్తోందిగా," అన్నాడు నా కొడుకు దుప్పట్లోంచి. "ఇంక వెళ్లడమెందుకు?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి ఊపిరంతా పోయాక ఒళ్లు వదులై అటు జారింది.

వాడు స్టూలు తీసి మూల పెట్టబోయాడు. సందులో కోడలి మొహం మళ్లీ కనిపించింది.

"ఆ స్టూలు తీయనివ్వకండి అత్తయ్యా. గుడారం ముగ్గురికి కుట్టాను."