గిన్నె అడుగున చేదు

దానిమ్మ గింజలు ఒలుస్తూ కూర్చున్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ఇంత చేదుగా ఉండే పండ్ల సలాడ్‌ని అంతమంది ఎలా మెచ్చుకుంటారు? పెళ్లయి బత్తలపల్లె వచ్చి పదకొండేళ్లు. మా ఆయన ఓబులేసు కోసం ప్రతి ఆదివారం పార్టీవాళ్లు వస్తారు. మా తోట చీనీకాయలు, అదే బత్తాయిలు, దానిమ్మ, బొప్పాయి, ఖర్జూరం, వేయించిన జీడిపప్పు, పొట్టు తీసిన వేరుశనగ విత్తనాలు, పైన కాస్త తేనె. ఉదయం పదికల్లా కలిపేస్తాను. నా వంతు వచ్చేసరికి మూడవుతుంది. అప్పటికి గిన్నె అడుగున నాలుగు చీనీ తొనలూ కొంచెం రసమూ మిగులుతాయి. అవి చేదు.

ముందే రుచి చూడడానికి లేదు. వచ్చిన కొత్తలోనే మా అత్త రామసుబ్బమ్మ చెప్పేసింది. "మగోళ్లు తినకముందే నోట్లో ఏసుకుంటే ఎంగిలి గదమ్మా. చేసే చేతికి తెలిస్తే చాలు, నాలిక్కెందుకు?"

ఒకసారి ఆయన్నే అడిగాను, చేదుగా లేదా అని.

"యాడుండాది చేదు? మన పార్టీ ఆంజినప్ప రెండుసార్లు పెట్టించుకున్నాడు. నీ నోరే చేదైనట్టుండాది."

నమ్మేశాను. లోపలికి పోయి అద్దంలో నాలుక చాపి చూసుకున్నాను కూడా! డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, నా నాలుకను అనుమానించానే గానీ గిన్నెను అనుమానించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోయిన ఆదివారం ఎందుకో ఆ పాత కెమిస్ట్రీ బుద్ధి లేచింది. కలపగానే చిన్న కప్పుడు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. వెంటనే ఒక చెంచా తిన్నాను. పన్నెండుకి ఇంకో చెంచా. మూడింటికి మరొకటి. పన్నెండుకి నాలుక చివర కొద్దిగా చేదు తగిలింది. మూడింటికి నాకు బాగా తెలిసిన చేదే. కోసిన చీనీ తొన తన రసంలోనే గంటలు గంటలు నానితే చేదెక్కుతుంది, అంతే. నా నోటికి ఏ రోగమూ లేదు.

మొదటి చెంచా మాత్రం ఎంత బాగుందంటే, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చి ఊరుకోలేకపోయాను. మూడింటికి తినేది నేనొక్కదాన్నే కాదు.

అందుకే ఈరోజు కలపగానే ముందు రెండు గిన్నెలు తీశాను, నిండుగా. అత్త వంటింట్లోకి వచ్చి చూసింది.

"ఎవరికే అవి?"

"ఒకటి నాకు, ఒకటి నీకు. కూర్చో అత్తా."

"నాకొద్దులే, చేదు. ఎప్పుడూ తినేదే గదా."

"ఒక్క చెంచా."

తలుపు వైపు ఒకసారి చూసి, గోడకానుకుని కూర్చుంది. ఆ చీనీ తోటకు బోరు లేని కాలంలో బిందెలతో నీళ్లు మోసి చెట్లను బతికించింది ఆమే. చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉండిపోయింది.

"ఇది మన చీనీనేనా?"

తలూపాను.

హాల్లోంచి ఆయన కేక. "వనజా, ఏం చేస్తాండావు? అందరూ కాచుకోని ఉండారు!"

నేను లేవబోతే అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఉండప్పా," అంది గట్టిగా, "మేం తింటాండాం."