ఐదింటిలోగా కొత్త డిస్కు

లెక్కల టీచరు ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ రాస్తున్న రేఖాగణితం పుస్తకానికి మూడు వందల బొమ్మలు కావాలి. రెండు వందలు పూర్తయ్యేసరికి లాప్‌టాప్ మొండికేసింది. మీట నొక్కాక అది సిద్ధం కావడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు పడుతోంది. ఇది ఊహ కాదు, నెల రోజులు కొలిచి తీసిన సగటు.

ఆమె కోరుకున్న పెద్ద తెర లాప్‌టాప్ మార్కెట్లోకి రావడానికి ఇంకా మూడు నెలలుంది. ప్రచురణకర్తకు బొమ్మలన్నీ అందాల్సిన గడువూ అంతే. దుకాణదారు మాత్రం తన వద్ద మిగిలిన చిన్న తెరదాన్ని ఇవాళ ఐదింటిదాకా ఆమె కోసం అట్టేపెట్టాడు. పాతది చురుగ్గా నడిస్తే దానితోనే పుస్తకం ముగించి, ఆనక పెద్ద తెరది కొనుక్కోవచ్చు. నడవకపోతే చిన్నదానితో సరిపెట్టుకోవడమే.

"హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు పెడితే చాలక్కా," అన్నాడు చేతిగడియారాలు బాగుచేసే తమ్ముడు.

"చాలుతుందో లేదో కొలిచి చూపించు."

"బావ ఎత్తు టేపు పెట్టి చూశాకే పెళ్లికి ఒప్పుకున్నావట కదా."

"పెట్టాను. చెప్పినదానికి అంగుళం తక్కువే వచ్చింది."

పాత డిస్కులోని సమస్తాన్నీ పొల్లుపోకుండా కొత్తదానిలోకి ఉదయమే నకలు తీశారు. నాలుగింటికి తమ్ముడు తన సన్నని స్క్రూడ్రైవర్లతో లాప్‌టాప్ అడుగు విప్పి కొత్త డిస్కు బిగించాడు. పాతదాన్ని చిన్న డబ్బాలో పెట్టి, తీగతో లాప్‌టాప్‌కే తగిలించి ఉంచాడు. కొత్త భాగం నడిచేదాకా పాతదాన్ని చేతికందేలా ఉంచుకోవడం గడియారాల పనిలో అతనికి అబ్బిన అలవాటు.

మీట నొక్కారు. టీచరుకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. తమ్ముడు స్టాప్‌వాచ్ ఆపి, ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నాలుగు నిమిషాల ఎనిమిది. రెండు సెకన్లు కలిసొచ్చాయి."

నాలుగున్నర కావస్తోంది. చిన్నదే తీసుకుంటానని దుకాణానికి చెప్పేద్దామని ఫోను అందుకోబోయిన ఆమె చెయ్యి దారిలోనే ఆగింది. డబ్బా మీది దీపం మిణుకుమిణుకుమంటోంది. తాకి చూసింది.

"కొత్తది నడుస్తుంటే పాతదానికి ఈ ఆయాసమెందుకురా?"

"అది ఊరికే ఉంది."

"ఊరికే ఉన్నది వేడెక్కదు. రెండింటిలోనూ ఉన్నది ఒకటే. ఏది నడుస్తోందో తెరను చూస్తే తెలియదు. లాప్‌టాప్ ఆ తీగ గుండా పాతదానితోనే మొదలైందేమో, మనం ఇందాక కొలిచింది దాన్నేనేమో."

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. "మా కొట్లో ఇట్లా ఎప్పుడూ జరగలేదు."

"మీ కొట్లో విప్పేసిన ముల్లు తిరగదు గనక. ముందు ఆపు, తర్వాత తీగ పీకు."

మళ్లీ మీట నొక్కారు. స్టాప్‌వాచ్ మీద తమ్ముడి వేలు ఇంకా కుదురుకోకముందే తెర వెలిగి సిద్ధమైంది.

"పంతొమ్మిది సెకన్లు." అతను స్టాప్‌వాచ్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేమైనా ఆగిందంటావా?"

"ఒక్కసారికి నేనూ నమ్మను. మళ్లీ."

రెండోసారి పద్దెనిమిది. మూడోసారికి టీచరు నోటుపుస్తకంలో అంకె రాసుకోవడమే మరిచి, తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. నాలుగేళ్లలో ఆమె నవ్వు అంత బిగ్గరగా వినపడటం అతనికి గుర్తులేదు.

ఐదింటికి ఐదు నిముషాలుండగా దుకాణదారే ఫోను చేశాడు. "అమ్మా, ప్యాక్ చేయించమంటారా?"

"వద్దండీ, ఎవరికైనా ఇచ్చేయండి. పెద్ద తెరది వచ్చిన రోజున మాత్రం మొదటి ఫోను నాకే రావాలి," అంటూనే ఆమె రెండో చేత్తో రెండు వందల ఒకటో బొమ్మకు వృత్తం గీస్తోంది.