ఈల ఊదని రోజు

“మొగుడి నోటి దగ్గర కూడు లాక్కోమని ఇచ్చారే నీకా ఈల,” అంది అత్త పెత్రోనా, గుమ్మంలో కూర్చుని ఎర్ర చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతూ.

లిందా బండ మీద మొగుడు ఎవెనోర్ చొక్కా ఉతుకుతోంది. నరికే ముందు ఆకు పోయేందుకు చెరుకు తోటకు నిప్పు పెడతారు కాబట్టి ఆ చొక్కాకు ఎప్పుడూ మసే. ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు నల్లగానే దిగుతాయి. కోడలు మాట్లాడకపోతే అత్తకు ఇంకా కోపం. “పక్కింటావిడ కొడుకు మీ ముఠా కాదు. వాడు మనవాడికంటే రెట్టింపు తెస్తున్నాడు. అక్కడ ఈల ఊదేది వాడి పెళ్ళాం కాదు మరి!”

పోయిన సీజన్లో ఇద్దరు కుర్రాళ్ళు ఎండకు సాళ్ళ మధ్యే కుప్పకూలాక చక్కెర మిల్లువాళ్ళు ఈ ఏర్పాటు చేశారు. ముఠాకు ఒక గుడ్డ పందిరి, నీళ్ళ డ్రమ్ములు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు, కర్రకు కట్టిన వేడి మీటరు. మీటరు ముల్లు ఎర్ర గీత దాటగానే ఈల ఊదాలి. అందరూ కత్తులు దించి నీడకు రావాలి. ఆ పనికి ఆడమనిషి కావాలన్నాడు సిల్వియో మేస్త్రీ. ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువట. ఆడవాళ్ళకు జీతం తక్కువ అన్న సంగతి లిందాకు మొదటి శనివారం గానీ తెలియలేదు. రూలు బాగానే ఉంది. కూలి మాత్రం టన్నుల లెక్కే. కూర్చున్న గంటలో చెరుకు తెగదు, చెరుకు తెగని గంటకు కూలి లేదు. మొదట్లో రోజుకోసారి ఊదితే సరిపోయేది. ఈ ఏడు ఎండ ఎలా ఉందంటే, పొద్దు నిండా ఎక్కకముందే ముల్లు వెళ్ళి గీత మీద కూర్చుంటోంది. లిందా ఈల నోట్లో పెట్టుకుంటే చాలు, సాళ్ళలోంచి తిట్లు మొదలు. “వచ్చిందమ్మా మహారాణి, మా పిల్లల్ని పస్తు పెట్టడానికి!” అని ఒకడు. “ఎవెనోర్, ఇంట్లో కూడా ఈల వేస్తేనే లేస్తావట్రా?” అని ఇంకొకడు. అందరూ నవ్వేవాళ్ళు. ఎవెనోర్ కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం నవ్వేవాడు కాదు.

ఎండ తప్పించుకోవాలని మిల్లువాళ్ళు పనివేళలు కూడా ముందుకు జరిపారు. తెల్లారకముందే లారీ వచ్చి ముఠాను ఎక్కించుకుపోతుంది. మంచిదే అనుకున్నారంతా. లారీ ముందుకు జరిగితే మగవాళ్ళ డబ్బాలో రొట్టెలు కూడా ముందే సిద్ధమవ్వాలి కదా. రొట్టెలు కావాలంటే మొక్కజొన్న ఇంకా ముందే రుబ్బాలి. మొగుళ్ళ నెత్తిన తగ్గిన ఎండంతా పెళ్ళాల నిద్రలోంచి పోయింది. ఈ సంగతి ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు. లిందా కూడా అనలేదు. రుబ్బి, కాల్చి, డబ్బాలు కట్టి, తనూ అదే లారీ ఎక్కి, రోజంతా పందిరి దగ్గర నిలబడి, వచ్చి బట్టలు ఉతికి, రాత్రి మంచమెక్కాక కూడా ఆమెకు తప్పు చేసినట్టే ఉండేది. ఇవాళ తను ఊదిన ఈలకు ఎవరింట్లో పొయ్యి వెలగలేదోనని. ఊదకపోతే ఎవరు పడిపోయేవారోనన్న ఆలోచన అంత తొందరగా వచ్చేది కాదు. పడిపోని మనిషి కళ్ళకు కనపడడు. తగ్గిన కూలి ప్రతి శనివారం కనపడుతుంది.

ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం దగ్గర పడింది. సెలవులకు ముందు పెద్ద తోట ఒకటి మిగిలింది. దాన్ని ముందు ముగించిన ముఠాకే సెలవుల తర్వాత నది పక్కన ఏపుగా పెరిగిన తోట ఇస్తానన్నాడు మేస్త్రీ. ఆ పొద్దున లిందా రొట్టెలు కాలుస్తుంటే ఎవెనోర్ వెనకనుంచి వచ్చి చేతికి ఏదో అందించాడు. కాఫీ. తనే కాచి, బెల్లం వేసి తెచ్చాడు. పెళ్ళయ్యాక అతని చేత్తో కాఫీ తాగడం అదే మొదలు. ఆమె కంగారుగా గౌనుకు చేతులు తుడుచుకుని కప్పు అందుకుంది.

“లిందా,” అన్నాడు మెల్లగా, “ఇవాళ కాస్త చూసీచూడనట్టు ఊరుకోవే. ఒక్క రోజు. పైకప్పు రేకులు మార్చకపోతే వానలకు అమ్మ మంచం తడిసిపోతుంది. అందరూ నిన్నే అంటున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది.”

ఆమె ఒక గుక్క తాగింది. కాఫీ చాలా బాగుంది.

పొలంలో మేస్త్రీ కూడా మీటరు వైపు చూడకుండానే అన్నాడు, “నీ కంటికి ఎలా కనిపిస్తే అలా కానీ అమ్మాయ్. నేనేం చెప్పను.” అని జీపు ఎక్కి పక్క తోటకు వెళ్ళిపోయాడు.

ముల్లు గీత తాకింది. దాటింది. లిందా ఈలను పిడికిట్లో పట్టుకుని నిలబడింది. కాలిన చెరుకు వాసన, కింద నుంచి బూడిద సెగ, పైన ఎండ. సాళ్ళలో కత్తులు చకచకా ఆడుతున్నాయి. ఆ రోజు ఎవరూ ఆమెను తిట్టడం లేదు. ఒకడు దాటిపోతూ “చల్లగా ఉండు తల్లీ” అన్నాడు కూడా. ఎంత కాలమైందో ఆమెను ఎవరైనా తల్లీ అని. సిగ్గుపడాల్సిన చోట ఆమెకు సంతోషం వేసింది.

ఆ ముఠాలో కత్తి పట్టిన ఆడది డెల్మీరా ఒక్కతే. ఊళ్ళో అందరూ క్రియాటినిన్ అని పిలిచే, చెరుకు కూలీలకు వచ్చే కిడ్నీ జబ్బుతో మొగుడు పోతే, అతని చొక్కా, అతని బూట్లు వేసుకుని అతని చోట్లోకి వచ్చింది. నీళ్ళకని పందిరి దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎర్రగా లేదు. పాలిపోయి ఉంది. చెమట కూడా పట్టడం లేదు.

“ఏమే, ఇంకా టైము కాలేదా?” అంది.

“ఇంకా కాలేదు,” అంది లిందా. మీటరు డెల్మీరాకు కనపడకుండా ఒక అడుగు పక్కకు జరిగింది కూడా.

డెల్మీరా ఒక్క గుక్క తాగి వెళ్ళిపోయింది. కాసేపటికి సాళ్ళ చివర అరుపులు వినిపించాయి. లిందా పరిగెత్తేటప్పటికి ఆమె బూడిదలో పక్కకు ఒరిగి ఉంది, కత్తి ఇంకా చేతిలోనే ఉంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. అప్పుడు ఊదింది లిందా ఈల. ఎందుకు ఊదిందో ఆమెకే తెలీదు. ఊదుతూనే ఉంటే ఎవరో చేతిలోంచి లాగేశారు.

డెల్మీరా బతికింది. కిడ్నీలు పోయాయి. ఈ ఎండల్లో నరికీ నరికీ ముందే సగం పాడై ఉంటాయని డాక్టరమ్మ అంది. ఇక కత్తి పట్టడానికి లేదు. వారంలో రెండు మూడు సార్లు చినాండెగా పట్టణం వెళ్ళి రక్తం కడిగించుకోవాలి.

“దేవుడి రాత,” అంది పెత్రోనా, శిలువ గుర్తు వేసుకుంటూ.

“ఎండకు పడిపోయింది. అంతే,” అన్నాడు ఎవెనోర్. “మీటరు ఎంతుందో నీకు తప్ప ఎవరికీ తెలీదు. నోరు విప్పకు.” ఆ మాట అని నిద్రపోయాడు. లిందా అతని గురక వింటూ చాలాసేపు ఆశ్చర్యపోయింది. అడిగింది ఇతను. ఊఁ కొట్టింది మేస్త్రీ. సంతోషించింది ముఠా మొత్తం. అందరూ ఎలా నిద్రపోతున్నారు?

ఆ తర్వాత లిందా ఇంటిపనిలో ఇంకో ఇల్లు కలిసింది. తమ ఇంట్లో రొట్టెలు కాల్చేటప్పుడే డెల్మీరాకూ నాలుగు కాల్చేది. ఉప్పు లేకుండా కోడి పులుసు కాచి తీసుకెళ్ళేది. బట్టలు ఉతికేది, తల దువ్వేది, పని లేని రోజుల్లో బస్సు ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళేది. రక్తం కడిగే యంత్రం పక్కన కూర్చుని డెల్మీరా చేతిలోంచి గొట్టాల్లో పైకీ కిందకీ పోతున్న రక్తాన్ని చూసేది. చూడలేక నేల చూసేది. ఊళ్ళో మంచిపేరు వచ్చింది. “లిందాది వెన్నలాంటి మనసు,” అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేది. ఇంట్లో మాత్రం పెత్రోనా, “ఊరివాళ్ళ సేవ బాగానే చేస్తున్నావు, నా మోకాళ్ళకు నూనె రాసే తీరిక లేదు,” అనేది. లిందా నూనె కూడా రాసేది.

ఒక రోజు లిందా, డెల్మీరా గోళ్ళు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే చెప్పేసింది. “ఆ రోజు ముల్లు దాటిందే. నువ్వు అడిగినప్పుడే దాటింది. నేను అబద్ధం చెప్పాను.”

డెల్మీరా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

“తెలుసు,” అంది.

లిందా తల ఎత్తింది.

“నెత్తి మీద ఎండ నాది కదే, నాకు తెలీదా? నువ్వు పక్కకు జరిగావు చూడు, అప్పుడు ఇంకా బాగా తెలిసింది.” డెల్మీరా కాస్త నవ్వింది, పెదాలు పగిలి ఉన్నాయి. “నేను అడిగింది ఆగుదామని కాదు. ఇంకెన్ని సాళ్ళు కొట్టొచ్చో చూసుకుందామని. నువ్వు ఊది ఉంటే నిన్ను అందరికంటే ముందు నేనే తిట్టేదాన్ని.”

లిందా ఏడ్చింది. ఆపుకోలేక ఆమె ఒళ్ళో తల పెట్టబోయింది.

“వద్దు,” అంది డెల్మీరా. గొంతు మారింది. “క్షమించానని అనుకోకు. అది నేను అనలేదు. నాకు తెలుసన్నాను, అంతే. నువ్వు ఏడిస్తే ఓదార్చే ఓపిక నాకు లేదు. ఈ చెయ్యి అయింది, ఆ చెయ్యి కత్తిరించు.”

సెలవులు అయ్యాక ముఠా నది పక్క తోటకే వెళ్ళింది. మాటిచ్చినట్టే ఇచ్చాడు మేస్త్రీ. మొదటి రోజు ముల్లు గీతను తాకీ తాకకముందే లిందా ఈల ఊదింది. ఎవరూ రాలేదు. మళ్ళీ ఊదింది. కత్తులు ఆగలేదు. అప్పుడు ఆమె పందిరి వదిలి సాళ్ళలోకి నడిచి ఎవెనోర్ ముందు, అతను నరకబోయే చెరుకు పక్కన నిలబడింది.

“తప్పుకో.”

“తప్పుకోను.”

“అందరి ముందూ నా పరువు తియ్యకే!” అన్నాడు పళ్ళ బిగువున. అతని కళ్ళల్లోకి చెమట కారుతోంది. కత్తి పైకి లేచినది లేచినట్టే ఉంది. కాసేపటికి దిగింది. అతను పందిరి వైపు నడిచాడు. ఒక్కొక్కరే తిట్టుకుంటూ వెనకే వచ్చారు.

“ఈ గంట కూలి ఎవరిస్తారు? నువ్విస్తావా?” అని నీళ్ళు తాగకుండానే అరిచాడు ఒకడు.

ఎన్నో నెలలుగా ఆ ప్రశ్నకు తలవంచుకున్న లిందా ఆ రోజు వంచుకోలేదు. “నన్నెందుకు అడుగుతారు? ఆ కూలి నా గౌను జేబులో పెట్టుకున్నానా? ఎవరి దగ్గరుందో వాళ్ళని అడగండి. ఎండలో చావొద్దని రూలు పెట్టినవాళ్ళు కూర్చున్నందుకు కూడా ఇవ్వాలి కదా! డెల్మీరా పడిపోయిన రోజు ముల్లు దాటాక కూడా నేను ఊదలేదు. ఊదొద్దని ఇక్కడ కోరుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. జీపు పక్కన నిలబడ్డ సిల్వియో మేస్త్రీ అంతా విన్నాడు.

శనివారం ఆమెను పిలిచి చెయ్యి చాపాడు. “నీకు ఓపిక తగ్గిందమ్మాయ్. ఇంటిపట్టున ఉండు,” అన్నాడు. లిందా ఈల అతని చేతిలో పెట్టి వచ్చేసింది. ఆమె చోట్లో ఇంకెవరినీ పెట్టలేదు. “నీ నోరే నీ కూడు పోగొట్టింది,” అంది పెత్రోనా. ఎవెనోర్ రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మామూలుకంటే ముందే వచ్చాడు. చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, ఏదో చెప్పాలని చెప్పలేక అటూ ఇటూ తిరిగాడు.

“ఇవాళ ఎవరూ ఊదలేదు,” అన్నాడు చివరికి. “అయినా కూర్చున్నాం. మేస్త్రీ వచ్చి అరిచాడు. ఎవరూ లేవలేదు. కూలి సంగతి వచ్చే సోమవారం మాట్లాడతామని అన్నారు మిల్లులో. ఇస్తారో ఇవ్వరో.”

లిందా సంతోషించాలి. అతను ఆమె ముఖం చూస్తున్నాడు, మెచ్చుకుంటుందని. ఆమెకు మాత్రం ఒకటే ఆలోచన. ఈ మాత్రం ఆ రోజే కూర్చుని ఉంటే? పైకి అంది కూడా. అతను కళ్ళు దించుకున్నాడు. “అదంతా ఇప్పుడు ఎందుకు? నువ్వు చేస్తున్నావుగా డెల్మీరాకు కావలసినవన్నీ,” అన్నాడు.

నువ్వు చేస్తున్నావుగా. లిందా ఆ మాట దగ్గర ఆగిపోయింది. పులుసు కాచడం, గోళ్ళు కత్తిరించడం, బస్సులో భుజం ఆనించి కూర్చోబెట్టడం, ఆ యంత్రం పక్కన నేల చూస్తూ కూర్చోవడం, మంచమెక్కినా నిద్రపట్టకపోవడం. అడిగినవాడి తరఫునా, ఊఁ అన్నవాడి తరఫునా, చల్లగా ఉండు తల్లీ అన్నవాళ్ళందరి తరఫునా తనొక్కతే చేస్తోంది. గిన్నెలు తోమినట్టు, మసి బట్టలు ఉతికినట్టు, ఈ తప్పు కూడా ఇంటిపనే అయిపోయింది. ఎవరూ చెప్పకుండానే తన వంతుకు వచ్చేసింది. తన తప్పు తను మొయ్యాలి, అది తప్పదు. డెల్మీరా క్షమించలేదు, క్షమించకపోవచ్చు కూడా. కానీ మిగతాది?

“రేపు డెల్మీరాను చినాండెగా తీసుకెళ్ళాలి,” అంది.

“ఊఁ. వెళ్ళు.”

“నేను కాదు. నువ్వు.”

ఎవెనోర్ నవ్వబోయి ఆగాడు. “నేనా? నాకేం తెలుసు అక్కడ! ఆడమనిషితో నేను... ఏం మాట్లాడాలి? ఏం చెయ్యాలి?”

“ఏమీ చెయ్యనక్కర్లేదు,” అంది లిందా. “పక్కన కూర్చుని, ఆ రక్తం వంక చూడు.”