గోడకి చెప్పిన మాట

చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే రకం చెల్లెలు. ఆమె పనిచేసేది లైబ్రరీలో. అక్కడ ఎవరైనా కాస్త గట్టిగా పేజీ తిప్పినా కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. అలాంటి మనిషికి గురక పెట్టే మొగుడు దొరికాడు. పాపం, దానికి మాత్రం ఏదోలా అలవాటుపడింది. లోకంలోని మిగతా చప్పుళ్ళకి అలవాటుపడే ఉద్దేశం ఆమెకి లేదు.

ఓడ ప్రయాణం అసలు ఆమె కోరిక కాదు, వాళ్ళ అక్కది. అక్క టైలరు. వీధి చివర చిన్న షాపు, ఒక మిషను, నిలువుటద్దం. జాకెట్లు, చొక్కాలు కుడుతుంది. కాజాలు మాత్రం మిషను మీద కాకుండా చేత్తోనే కుడుతుంది. ఎవరో పాత పత్రికలో ఓడ బొమ్మ చూపించినప్పటి నుంచి ఒకటే మాట. "ఎటు చూసినా నీళ్ళే ఉండే చోట ఒక్కసారి నిలబడాలే" అనేది. చివరికి చెల్లెలూ, ఆమె భర్తా సరేనన్నారు.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం అక్క చెవుల్ని పట్టుకుపోయింది. అయినా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట అందుకుంటుంది. అందుకు వెలుగుండాలి, మొహం ఎదురుగా ఉండాలి. అందుకే ఆ ఇంట్లో గుసగుసల అవసరం ఎప్పుడూ రాలేదు. అక్కకి తెలియకూడని మాట ఏదైనా ఉంటే, మొహం తిప్పేసి మామూలు గొంతుతోనే చెప్పేవాళ్ళు. దానికి వాళ్ళమ్మ పెట్టిన పేరు 'గోడకి చెప్పడం'. అక్క పుట్టినరోజుకి కొత్త గౌను కొనాలంటే, "ఏయ్, గోడకి చెప్పు" అని చెల్లెలి మొహం అటు తిప్పేది అమ్మ. పెద్దయ్యాక గోడకి చెప్పే మాటలు పెరిగాయి. అవన్నీ గౌన్ల గురించి కాదు.

టికెట్ల ఆఫీసులో బుకింగు కుర్రది కంప్యూటరు తెర మీద ఓడ పటం తిప్పి చూపించింది. ఆ రోజు అక్క కూడా పక్కనే కూర్చుంది, బల్ల మీదున్న బొమ్మ ఓడని తడుముతూ.

"మధ్యలో ఉన్న గదులైతే ఊగడం తక్కువండీ. డాన్సు హాలు కింద తీసుకోకండి, పడుకోనివ్వరు. ఇదిగో, ఇక్కడ లిఫ్టు పక్కన రెండు కిటికీ గదులున్నాయి, పక్కపక్కనే. జనం వస్తూ పోతూ ఉంటారు, కొంచెం సందడి. లేదంటే ఇటు చూడండి. మధ్యలో బాల్కనీ గది ఒకటి మిగిలింది. పైనా కిందా అన్నీ గదులే, చప్పుడన్నదే ఉండదు. కానీ అది తీసుకుంటే, రెండో గది వెనకాల ఉన్నదే ఇవ్వగలను. అడుగు అంతస్తు, ఇంజను మీద. కిటికీ ఉండదు. బాగా మోతగా ఉంటుందండీ."

చెల్లెలు లిఫ్టు పక్కన గదుల వంక చూసింది. తలుపులు టపటపా కొట్టుకోవడం, పిల్లల పరుగులు, అర్థంలేని నవ్వులు అన్నీ అప్పుడే వినిపించాయి ఆమెకి. బాల్కనీ గది వంక చూసింది. తర్వాత పక్కనున్న క్యాలెండరు చూస్తున్నట్టు మొహం గోడవైపు తిప్పింది.

"ఆ మోతగది మా అక్కకి ఇచ్చేయండి. ఆవిడకి చెవుడు. ఏం వినపడుతుంది గనక!" అంది.

భర్త ఆమె వంక ఒకసారి చూశాడు. జేబులోంచి డబ్బు తీశాడు. అతనికీ బాల్కనీ కావాలి మరి.

ఓడ ఎక్కారు. తన గది తలుపు తీయగానే ఎదురుగా సముద్రం, తెల్లటి దుప్పటి, నిశ్శబ్దం. ఎంత కోరుకుందో అంత నిశ్శబ్దం. అందులో తను అన్న మాటే వినపడుతోంది ఆమెకి. అక్క గదికి మాత్రం వెళ్ళలేదు. భోజనానికి పిలవాలంటే మెట్ల దగ్గర నిలబడేది. అక్క బయటికి వస్తే చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయేది. ఆ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు.

మొదటిరోజు పొద్దున్నే టిఫిను దగ్గర అక్క అడిగింది.

"ఏమే, ఓడేమైనా వణుకుతోందా?"

చెల్లెలు లోపల లెక్క కట్టింది. అవునంటే ఎందుకని అడుగుతుంది, ఇంజనంటే గది సంగతి వస్తుంది, గది సంగతి వస్తే...

"అబ్బే, లేదే! ఓడ కదిలినట్టే లేదు" అంది నవ్వుతూ.

అక్క తలూపింది. మధ్యాహ్నం వాళ్ళ గదికి వచ్చి, "కాసేపు నడుం వాలుస్తానే" అని మంచం మీద వెల్లకిలా పడుకుంది. రెండు అరచేతులూ పరుపు మీద ఆనించి, కళ్ళు మూసుకుంది. సముద్రం వైపు చూడనైనా లేదు. ఎదురుగా బాల్కనీ పెట్టుకుని ఇదేం పడుకోవడం అనుకుంది చెల్లెలు. పైగా కాస్త ఊరట కూడా కలిగింది, అక్కకి సముద్రం మీద అంత మోజేమీ లేదులే అని. మనసు తనకి కావలసిన సాక్ష్యం ఎక్కడినుంచైనా తెచ్చుకుంటుంది కదా.

ఆ తర్వాత అక్క తగ్గిపోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. కూర్చున్న చోటల్లా చేతులు ఎదురుగా చాపి చూసుకునేది. ఓడ ఒక రేవులో ఆగిన రోజు మాత్రం మళ్ళీ మామూలు మనిషైంది. గదిలో కాసేపు పడుకుని లేచి వచ్చి, మరిదిని ఆటపట్టించింది, రెండుసార్లు పెట్టించుకుని తింది. ఓడ బయల్దేరిన మర్నాడు మళ్ళీ మొహం వాడిపోయింది.

"వదినకి ఒంట్లో బాగాలేదేమో, కనుక్కో" అన్నాడు భర్త.

చెల్లెలు అక్కని బాల్కనీలో కూర్చోబెట్టి అడిగింది. వెలుగు తన మొహం మీద పడేలా కూర్చుంది, ఆ మర్యాద మాత్రం తప్పలేదు.

"నీకు చెప్పకూడదనుకున్నాను, సరదాగా వచ్చారు మీరు" అంది అక్క. "అమ్మ జబ్బు నాకూ వచ్చిందే."

"ఏ జబ్బు?"

"వణుకుడు. అమ్మకి ఎలా మొదలైందో గుర్తులేదూ? చేతులు బాగానే ఉండేవి. పడుకుంటే లోపల్నుంచి సన్నగా వణుకు వస్తోందనేది. నాకూ అంతే. పడుకుంటే చాలు, ఎముకల్లోంచి వస్తోంది. ఓడేమోనని నిన్ను అడిగాను. లేదన్నావు. నీ మంచం మీద పడుకుని కూడా చూశాను. రాయిలా ఉంది. నా గదికి పోయి పడుకుంటే మళ్ళీ వచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువవుతుందేమో. మొన్న రేవులో తగ్గింది, పోయిందనుకున్నాను. పోలేదు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "రేపు రేవులో దిగగానే షాపు యజమానికి కబురు పెడతాను, ఖాళీ చేస్తానని. వణికే చేత్తో కాజా కుట్టలేను. గుడ్డ పాడుచేసి జనం చేత అనిపించుకునే కంటే ముందే మానేయడం నయం."

ఈ మనిషి ఇన్నాళ్ళూ ఆ చీకటి గదిలో ఒక్కతే పడుకుని, చచ్చిపోయిన అమ్మని తలుచుకుంటూ తన చేతులకి నీళ్ళొదులుకుంటోంది.

"అక్కా, అది జబ్బు కాదు. ఇంజను."

"నన్ను ఓదార్చకు."

"నిజమే. ఇంజను వల్ల మంచం వణుకుతోంది."

"నీ మంచం వణకదేం మరి? ఒకే ఓడ కాదూ?"

దానికి జవాబు ఒకటే ఉంది. అది చెప్పకుండా తప్పించుకునే దారి ఏదైనా ఉందేమోనని చెల్లెలు ఆ క్షణంలో కూడా వెతికింది. తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. దిగేకొద్దీ మోత పెరిగింది. అక్క తలుపు తీసింది. చెల్లెలు మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టి, రెండు చెవులూ మూసుకుంది.

పిండిమర గదిలో నిలబడ్డట్టుంది. ఎటు చూసినా గోడే. గోడకి అక్క చీర తగిలించి ఉంది. మంచం మీద చెయ్యి పెట్టింది. మోచేతిదాకా జివ్వుమంది.

"అక్కా!" అని అరిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

అక్క ఏదో అంది. ఏమందో తెలియక, జీవితంలో మొదటిసారి చెల్లెలు అక్క పెదవులు చూసింది. 'నీకూ తెలుస్తోందా?' అంటున్నాయి అవి.

చెల్లెలు తలూపింది. చెప్పడానికి నోరు తెరిచింది. ఎన్నేళ్ళ అలవాటో, మొహం దానంతటదే గోడవైపు తిరిగింది. అక్క గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

'గోడకి కాదు. నాకు చెప్పు.'

చెప్పింది. ఈ గది ఇంజను మీద ఉందని, తెలిసే తీసుకున్నానని, నీకు వినపడదు గనక నీకిమ్మన్నానని, మొదటిరోజు అడిగినప్పుడు అబద్ధమాడానని. ఒక్కో మాటా అక్కకి అందేలా పెదవులు విడదీసి చెప్పింది. అంతకంటే కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

అక్క ముందు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత మంచం వంక చూసింది. తర్వాత నవ్వింది. మంచం మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి, 'నాది కాదు! మంచానిదే! నాది కాదే!' అని ఎగిరినంత పని చేసింది. చెల్లెల్ని దగ్గరికి లాక్కుని చెంపలు రెండూ నిమిరింది. తిట్టినా బాగుండేదనిపించింది చెల్లెలికి.

కాసేపటికి నవ్వు ఆగింది. అక్క ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆమె వంక చూసింది.

'ఆ రోజు ఆఫీసులో నువ్వు గోడకి చెప్పింది ఇదా?'

చెల్లెలు అదిరిపడింది. 'నీకెలా తెలుసు?'

'నువ్వు ఎప్పుడు గోడకి చెప్పినా నాకు తెలుస్తుంది. వీపు చూస్తే తెలియదూ? ఏం చెబుతున్నావో తెలియదు, అంతే.' అక్క పెదవులు నెమ్మదిగా కదిలాయి. 'అమ్మ ఉన్నప్పుడు గౌను కొనడానికేగా గోడకి చెప్పేవాళ్ళు. నువ్వూ ఇన్నాళ్ళూ నా గురించి మంచిమాటే చెబుతున్నావనుకున్నాను.'

చెల్లెలికి ఏడుపొచ్చింది. తన గదికి వచ్చేయమని, ఇకనుంచి సముద్రం పక్కన అక్కే పడుకోవాలని, ఆయన్ని ఇక్కడికి పంపిస్తానని, ఆయన గురకకి ఈ మోతే సరైన జోడీ అని సైగలు చేసి చెప్పింది. అక్క సరేనన్నట్టు తలూపి, సంచీ సర్దుకోవడానికి అటు తిరిగింది. చీర మడతపెట్టింది. సూదుల డబ్బీ అడుగున పెట్టింది. చేతులు తొణక్కుండా పనిచేస్తున్నాయి.

"తప్పయిపోయింది అక్కా" అంది చెల్లెలు.

అక్క వీపు కదల్లేదు. ఆ మాట ఇంజను మోతలో కలిసిపోయింది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, అక్క ఎదురుగా, దీపం తన మొహం మీద పడేచోట నిలబడింది.