రెండో చరణంలో ఆయన పరిగెత్తుతారు

"డ్రమ్స్ ఎవరైనా కొడతారు," అన్నాడు భర్త, తాగేసిన టీ కప్పు ఆమె చేతికిస్తూ.

ఆమె ఆ కప్పును సింకులో మిగతా వాటి పక్కన పెట్టి కుళాయి తిప్పింది. ప్రతి ఆదివారం పొద్దున ఇంటి వెనక షెడ్డులో బ్యాండు ప్రాక్టీసు అయ్యాక ఆమె నాలుగు కప్పులు కడుగుతుంది. పాడుతూ గిటార్ వాయించే భర్తది ఒకటి, బేస్ గిటార్ వాయించే మరిదిది ఒకటి, కీబోర్డు దగ్గర నిలబడే పొడుగాయనది ఒకటి, నాలుగోది తనది. తన కప్పు ఎప్పుడూ నిండుగానే తిరిగొచ్చేది. రెండు చేతులూ రెండు కాళ్ళూ ఆడుతున్న మనిషి టీ ఎప్పుడు తాగుతుంది?

ఆ ఉదయం ఫోన్ వచ్చింది. ఒక పెద్ద బ్యాండు ఆరు ఊళ్ళు తిరుగుతోందట. వాళ్ళకంటే ముందు అరగంట వాయించడానికి కొత్తవాళ్ళు కావాలట. షెడ్డులో రికార్డు చేసి పంపిన పాటలు విని వీళ్ళని ఎంచుకున్నారు. ఫోన్‌లో ఆవిడ, "మీ బ్యాండు భలే కుదురుగా ఉందండీ, ఎక్కడా తడబాటు లేదు," అందట. ఆ 'కుదురుగా' అన్న మాటని భర్త అప్పటికి తల్లికి రెండుసార్లు, తమ్ముడికి మూడుసార్లు చెప్పాడు.

"ఆరు ఊళ్ళంటే మూడు వారాలు. నువ్వు కూడా వచ్చేస్తే ఇల్లెవరు చూస్తారు? పాపకి స్కూలు, అమ్మకి మోకాళ్ళు. నేనేం వద్దనడం లేదు. నువ్వే ఆలోచించు."

'నువ్వే ఆలోచించు' అని అతను అన్నాడంటే, అతను ఆలోచించడం అయిపోయిందని అర్థం. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె ఆ మాత్రం నేర్చుకుంది.

"మరి ఎవరు కొడతారు?" అంది.

"పిల్లలకి డ్రమ్స్ నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. మంచి చెయ్యి. పాటలు మనవే కదా, ఆయన వెనక కూర్చుని కొడితే చాలు. నువ్వు ఎలా కొడతావో కాస్త ఒక పుస్తకంలో రాసి పెట్టు."

ఆమె సరేనంది. సరేనన్న తర్వాత కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

ఆమె డ్రమ్ము పట్టుకుంది స్కూల్లో. కవాతు చేసే పిల్లల ముందు నడుస్తూ డ్రమ్ము కొట్టేవాడికి గవదబిళ్ళలు వస్తే, వ్యాయామం టీచరు వరసలో అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్లని లాగి మెడలో వేశాడు. ఆ రోజు ఆమెకి ఒకటి తెలిసింది. తను కాస్త వేగం పెంచితే రెండు వందల మంది పిల్లల కాళ్ళు వేగం పెంచాయి. తగ్గిస్తే తగ్గించాయి. నోరు విప్పి నలుగురిలో ఒక్క మాట మాట్లాడలేని పిల్ల, రెండు వందల మందిని నడిపించింది, పైగా ఒక్కరూ ఆమె వంక చూడలేదు. అంతకంటే సుఖం ఇంకేముంటుంది అనుకుంది అప్పట్లో. కాలేజీలో ఈ బ్యాండుకి డ్రమ్మర్ లేకపోతే వెళ్ళి కూర్చుంది. పాట అయ్యాక అతను గిటార్ దించి, "మనకి దొరికిందిరా!" అని అరిచాడు. ఆ అరుపుకే పెళ్ళి చేసుకుందని చెల్లెలు ఇప్పటికీ ఏడిపిస్తుంది. దొరికింది అన్న మాటలో తను ఒక వస్తువైపోయిందని అప్పుడు తట్టలేదు. ఇరవై ఏళ్ళప్పుడు ఏది తట్టింది గనక!

నాలుగు రోజులు ఆమె పుస్తకం రాసింది. ఆసుపత్రి బట్టల గదిలో ఆమెకి పని. ఉతికొచ్చిన దుప్పట్లు చెరో కొస పట్టుకుని ఇద్దరేసి మడతపెట్టాలి. మధ్యాహ్నం భోజనం వేళ ఆ మడతల పక్కనే కూర్చుని రాసేది. తను ఏం కొడుతుందో రాయడం మొదలుపెడితే అరపేజీలో అయిపోయింది. అన్నీ తేలిక పాటలే, ఎవరైనా కొట్టొచ్చు, భర్త అన్నది నిజమే. కానీ అంతే రాసిస్తే మాస్టారు మొదటి పాటలోనే గోతిలో పడతాడు. అందుకని గోతులు ఎక్కడెక్కడున్నాయో కూడా రాసింది. తోటి డ్రమ్మర్‌కి రాస్తున్నాను కదా అనే ధైర్యంతో దాచకుండా రాసింది. రాస్తూ రాస్తూ పుస్తకంలో ముప్పై పేజీలు నిండాయి.

తర్వాతి ఆదివారం మాస్టారు వచ్చాడు. యాభై దాటిన మనిషి, బట్టతల, చంకలో తోలు సంచి. ఆమె కూర్చునే స్టూలు ఎత్తు దించుకుని కూర్చున్నాడు. ఆమె టీ కలుపుతూ వంటింటి కిటికీలోంచి విన్నది. మొదటి చరణం బాగుంది. చెయ్యి నిజంగానే మంచిది. రెండో చరణం వచ్చేసరికి భర్త ఎప్పటిలాగే ఉత్సాహంతో ముందుకురికాడు. అతని వెనక తమ్ముడూ, తమ్ముడి వెనక పొడుగాయనా ఉరికారు. మాస్టారు ఒక్కడూ ఉన్నచోటే ఉండిపోయాడు. పాట రెండు ముక్కలై కింద పడింది.

"మాస్టారూ, మీరు నన్ను ఫాలో అవ్వాలండీ," అన్నాడు భర్త, నొప్పించకుండా.

"అలాగే సార్."

ఈసారి మాస్టారు కూడా వెంటపడ్డాడు. నలుగురూ కలిసి దొడ్డి తలుపు తీసిన గొడ్లలా పరిగెత్తారు. నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాలకే అయిపోయింది.

"అన్నయ్యా, మనకి ఇచ్చిన అరగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మిగతా పది నిమిషాలు జోకులు చెబుదామా?" అన్నాడు మరిది.

"నోరుముయ్యరా!"

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "ఆవిడ ఏదో రాసిచ్చారన్నారే?" అని పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆమె టీ పళ్ళెంతో షెడ్డు గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. ఆ పుస్తకం ఆయన ఇంటికెళ్ళి చదువుకుంటాడనుకుంది. కానీ ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాడు మనసులో చదువుకోవడం ఎప్పుడో మరిచిపోయాడు. పైకి చదివాడు, అదీ స్పష్టంగా, గట్టిగా.

"'మొదటి పాట. ఆయన మూడు దాకా లెక్కపెట్టి నాలుగు మింగేస్తారు. మీరు నాలుగు మనసులో అనుకుని అప్పుడు మొదలుపెట్టండి. రెండో చరణంలో ఆయన పరిగెత్తుతారు. వెంటపడొద్దు, అలాగని నిలబడిపోవద్దు. సగం అడుగు వెళ్ళి చెయ్యి అందించండి. నాలుగు లైన్లలో వెనక్కి వస్తారు. వచ్చినట్టు ఆయనకి తెలియకూడదు.'"

పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి.

"'మా మరిదికి ముందు వరసలో ఎవరైనా నచ్చితే వేలు ఆగిపోతుంది. కాలి డ్రమ్ము రెండుసార్లు గట్టిగా తన్నండి, మేలుకుంటాడు.'"

"వదినా!" అన్నాడు మరిది.

"'మూడో పాటలో కీబోర్డు ఆయన తన భాగం అయిపోయినా ఆపరు. సింబల్ రేకు మీద ఒక దెబ్బ కొట్టండి. ఆపకపోతే ఇంకోటి కొట్టండి. నాలుగో పాటలో మా ఆయన మాటలు మరిచిపోతారు, ఎప్పుడూ అదే చోట. గుర్తొచ్చేదాకా చిన్న డ్రమ్ము మీద ఏదో ఒకటి వాయిస్తూ ఉండండి. జనం అది పాటలో భాగం అనుకుంటారు. చప్పట్లు కూడా కొడతారు.'"

"అది మనం కావాలని పెట్టుకున్న డ్రమ్స్ ముక్క కాదూ?" అన్నాడు పొడుగాయన, నిజంగా ఆశ్చర్యపోతూ.

భర్త గిటార్ తీగని బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారు మిగతా పేజీలు తిరగేసి, పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, లేచి నిలబడ్డాడు.

"సార్, నేను చేతులకి పని నేర్పేవాణ్ణి. ఇందులో ఉన్నది చేతుల పని కాదు. పాడేవాణ్ణి చూసి జనం బ్యాండు బాగుందంటారు, సరే. పాడేవాడు గాడి తప్పిన రోజు కూడా బాగుందన్నారంటే అది వెనక కూర్చున్న మనిషి పుణ్యం. మంచి డ్రమ్మర్ ఉంటే మామూలు బ్యాండు కూడా మంచి బ్యాండులా వినిపిస్తుంది. లేకపోతే మంచి బ్యాండు కూడా సంతలా వినిపిస్తుంది. ఆ ఫోన్‌లో ఆవిడ కుదురుగా ఉందన్నదని చెప్పారే, ఆ కుదురు ఈ అమ్మది. ఈవిణ్ణి ఇంట్లో పెట్టి నన్ను తీసుకెళ్తే, వాళ్ళు విన్న బ్యాండు కాదు మీరు పట్టుకెళ్ళేది."

ఆమె చేతిలోంచి కప్పు తీసుకుని నిలబడే టీ తాగాడు. "టీ బాగుందమ్మా. కానీ ఆ ఐదో పాటలో ఎడమ చెయ్యి ఎలా వేస్తారో అది రాయలేదు. ఎప్పుడైనా వాయిస్తే వినాలనుంది," అని సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు భర్త మాట్లాడలేదు. కోప్పడనూ లేదు. అన్నం పెడితే తిన్నాడు, చొక్కా ఇస్తే వేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా అతనికి ఏనాడూ బస్సు తప్పిపోలేదు. తను సమయం పాటించే మనిషినని ఆఫీసులో చెప్పుకుంటాడు. ఏడూ నలభైకి మేజోళ్ళు కుర్చీ మీద, ఏడూ నలభై ఐదుకి డబ్బా చేతిలో, ఏడూ యాభైకి పాప గుమ్మంలో ఉండకపోతే ఆ సమయం ఎక్కడుండేదో ఆమెకి తెలుసు. ఇంట్లోనూ అదే పని చేస్తున్నానని పుస్తకం రాసేదాకా తనకీ తట్టలేదు. సగం అడుగు వెళ్ళి చెయ్యి అందించడం, మనిషిని తిరిగి తీసుకురావడం, తీసుకొచ్చినట్టు తెలియనివ్వకపోవడం. వినపడకుండా చేస్తేనే ఆ పని బాగా చేసినట్టు. వినపడని పనిని ఎవరు మెచ్చుకుంటారు? మెచ్చుకోవడం లేదని అలిగితే, ఏ పనికి అని అడుగుతారు. సిగ్గుపడాల్సింది తను కాదు కదా, మరి ఆ ఆదివారం గుమ్మంలో తన మొహమే ఎందుకు కాలిపోయిందో ఆమె చాలాసేపు ఆలోచించింది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు," అంది అత్తగారు, మోకాలికి మందు రాసుకుంటూ. "పనికిరాకేం అమ్మాయ్? రోజూ చూసే చెట్టు కదా, దాన్ని అడగడానికి నామోషీ."

బుధవారం సాయంత్రం అతను వంటింట్లోకి వచ్చాడు. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. తనూ ఒకటి తీసుకుని చేతిలో తిప్పాడు.

"ఈ ఒక్కసారికి రా. మొదటి ఊరికి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

పాత అలవాటు ప్రకారం ఆమె నోట్లోకి 'సరే' వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపింది. కత్తి కింద పెట్టింది.

"ఒక్కసారికి రాను. వస్తే ఆరు ఊళ్ళకీ వస్తాను."

"మరి ఇల్లు?"

"ఎవరు చూస్తారో నువ్వు చూడు. అత్తయ్య మోకాళ్ళ మీద మాత్రం పెట్టకు."

"నాకేం తెలుసు ఎవర్ని అడగాలో?"

"మొదట్లో నాకూ తెలీదు," అందామె.

అతను చేతిలో దుంపని తిరిగి గిన్నెలో పెట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో వింత ప్రశ్నలు వినిపించాయి. పాప స్కూలు ఎన్నింటికి వదులుతారు? అమ్మ మాత్రలు రెండా, మూడా? మూడోది ఎప్పటి నుంచి? ఆఖరికి పక్క వీధిలో ఉండే, ఉద్యోగం మానేసిన నర్సమ్మ ఒకావిడ మూడు వారాలు ఉండడానికి ఒప్పుకుంది. ఆవిడ అడిగిన జీతం విని, "ఇంతా?" అన్నాడు భర్త. "మరి ఎంత పనో చూశావా!" అంది అతని తల్లి. ఆమె బట్టల గదిలో సెలవు చీటీ ఇచ్చింది. కారణం అన్న చోట 'డ్రమ్స్ వాయించడానికి' అని రాసింది. ఆ గది చూసే పెద్దాయన రెండుసార్లు చదివి, ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, సంతకం పెట్టాడు.

ఆదివారం షెడ్డులో ఆమె స్టూలు మళ్ళీ తన ఎత్తుకి పెంచుకుంది. మరిది ఇదివరకులా గోడకి ఆనుకోలేదు, ఆమె కాలు కనిపించే చోట నిలబడ్డాడు. పొడుగాయన కూడా కాస్త ఇటు జరిగాడు. భర్త మైకు సర్దుకుని, మూడు దాకా లెక్కపెట్టి, నాలుగు మింగేశాడు. ఆమె నాలుగు మనసులో అనుకుని మొదలుపెట్టింది.

మొదటి చరణం సాఫీగా నడిచింది. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి అతని మెడ కాస్త ముందుకు సాగింది. ఆ మెడ ఆమెకి తెలుసు. ఇక సగం అడుగు వెళ్ళాలి, చెయ్యి అందించాలి. కాలు అలవాటుగా కదలబోయింది. ఆమె వెళ్ళలేదు. పంతంతో కాదు, కోపంతో అసలే కాదు. పాట ఎంత వేగంలో ఉండాలో అంత వేగంలోనే ఉండిపోయింది. మరిది కళ్ళు ఆమె కాలి మీదే ఉన్నాయి, అతనూ ఉండిపోయాడు. పొడుగాయనా ఉండిపోయాడు.

భర్త ఒక్కడే వెళ్ళిపోయాడు. ఒక లైను వెళ్ళాడు, రెండు లైన్లు వెళ్ళాడు, అప్పుడు వినిపించింది అతనికి, తన గొంతు ఒంటరిగా. పాడడం ఆపి, గిటార్ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు," అంది ఆమె, కొట్టడం ఆపకుండా. "మేమింకా ఇక్కడే ఉన్నాం. నువ్వే రా."